అక్క మణికట్టు, మూడు మాత్రలు, కొనని ఇంజెక్షను

కీళ్ళవాతానికి వారానికోసారి వేసుకునే మెథోట్రెక్సేట్ అట్ట ఎవరికిచ్చినా కవరు మీద ఎర్ర పెన్నుతో వారం పేరు రాసి గానీ చేతికివ్వను. "ఆదివారం రాత్రి మాత్రమే" అనో, "బుధవారం మాత్రమే" అనో. చీటీలో డాక్టరుగారు రాసే ఉంటారు. అయినా మనవాళ్ళకి మాత్ర అంటే పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. బీపీ మాత్ర పక్కన పెట్టుకుని దీన్ని కూడా రోజూ మింగారంటే నోరంతా పుళ్ళు పడతాయి, తెల్లకణాలు పడిపోతాయి, ప్రాణం మీదికొస్తుంది. అందుకని భీమవరంలో మా మందుల షాపుకొచ్చే కీళ్ళవాతం వాళ్ళందరికీ నేను కాస్త చాదస్తుడిగానే కనిపిస్తాను. కనిపించనీండి.

ఆ చాదస్తం తర్వాత ఇంట్లోనే పనికొచ్చింది. మా అక్కకి రుమటాయిడ్ ఆర్థరైటిస్, అంటే ఒంటి రక్షణ వ్యవస్థే కీళ్ళ మీద తిరగబడే కీళ్ళవాతం.

అక్కది ఆత్రేయపురం. కాపురానికెళ్ళిన దగ్గర్నుంచీ పూతరేకులు తీస్తోంది. ఆ పని దగ్గరగా చూసినవాళ్ళకి తెలుస్తుంది భారం ఎక్కడ పడుతుందో. బోర్లించిన కుండ కింద మంట. పల్చటి బియ్యప్పిండి జారులో ముంచిన గుడ్డని రెండు చేతులా పట్టుకుని కుండ మీద ఒక్క లాగు లాగాలి. ఆవిరి పైకి లేచేలోపే రేకు ఊడొస్తుంది. బలం అక్కర్లేదు. మణికట్టు తిరగాలి, వేళ్ళు వదులుగా ఉండాలి. కోవిడ్ గొడవ సద్దుమణిగిన మరుసటేడు ఆ రెండూ పోయాయి. పొద్దున లేచేసరికి వేళ్ళు బిగుసుకుపోయి గుప్పిట పడేది కాదు. వేణ్ణీళ్ళలో చేతులు పెట్టుకుని గంటకి పైగా కూర్చుంటే గానీ గుడ్డ అంచు దొరికేది కాదు. మధ్యాహ్నానికి మామూలు మనిషి. అందుకే ఇంట్లో ఎవరూ పట్టించుకోలేదు. పొద్దున్నే పని ఎగ్గొట్టే వంక అనుకున్నవాళ్ళు కూడా ఉన్నారు, వాళ్ళ పేర్లు ఇక్కడ రాయను, పండక్కి మళ్ళీ మొహాలు చూసుకోవాలి.

బావగారు మాత్రం చికున్‌గున్యా అన్నారు. 2006లో రాష్ట్రమంతా అది పాకినప్పుడు అక్క కూడా మంచం పట్టింది, ఆ నొప్పులే తిరగబెట్టాయని ఆయన లెక్క. తీసిపారేసే మాట కాదది. చికున్‌గున్యా తర్వాత కీళ్ళ నొప్పులు నెలలు, కొందరికి ఏళ్ళు ఉండిపోతాయి. చూడ్డానికి కూడా అచ్చం ఇలాగే ఉంటుంది. తేడా తేలింది రక్తపరీక్షలో. ఆర్‌ఏ ఫ్యాక్టర్ ఒక మోస్తరుగా ఉంది, అది చాలా జబ్బుల్లో వస్తుంది కాబట్టి దాన్నిబట్టి ఏమీ చెప్పలేం. యాంటీ సీసీపీ అనే యాంటీబాడీ మాత్రం బాగా ఎక్కువొచ్చింది. అది అంత ఎక్కువుంటే ఎముకల అంచులు త్వరగా తినేసే రకమని అర్థం. ఆ నష్టం చాలామందికి మొదటి రెండేళ్ళలోనే మొదలవుతుంది. ఒకసారి తిన్న ఎముకని ఏ మందూ తిరిగి పెట్టలేదు.

ఆ పరీక్ష దాకా రావడానికి ముందు పొట్లాల కథ ఒకటి నడిచింది. పక్క ఊళ్ళో ఒకాయన దగ్గర పొడి పొట్లాలు తెచ్చుకుంది. రెండో రోజుకల్లా గుప్పిట పడింది. "ఒరేయ్ తమ్ముడూ, మీ ఇంగ్లీషు మందులన్నీ దండగరా" అని ఫోనులో ఒకటే సంబరం. నాకు అప్పుడే గుండె గుభేలుమంది. కీళ్ళవాతానికి రెండు రోజుల్లో అలా పనిచేసేది నాకు తెలిసి ఒక్కటే, స్టెరాయిడ్. నెల తిరిగేసరికి మొహం గుండ్రంగా ఉబ్బింది, షుగరు మూడొందలు దాటింది. పొట్లంలో ఏముందో నేను పరీక్ష చేయించలేదు, ఆ మొహం చూశాక అవసరమనిపించలేదు. ఒక్కసారిగా ఆపేయనివ్వలేదు మాత్రం. వారాల తరబడి స్టెరాయిడ్ వాడిన ఒంట్లో కార్టిసాల్ అనే సొంత హార్మోను తయారీ పడుకుంటుంది. చటుక్కున మానేస్తే బీపీ పడిపోయి ఆస్పత్రి పాలవుతారు. అందుకే ముందు డాక్టరు, ఆ తర్వాతే పొట్లం మానడం.

అక్క సంబరాన్ని తప్పుపట్టను. 1948 సెప్టెంబరులో అమెరికాలో మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ అనే డాక్టరు, మంచం దిగలేని ఒకామెకి మొదటిసారి కార్టిజోన్ అనే స్టెరాయిడ్ ఎక్కిస్తే కొద్ది రోజుల్లోనే ఆమె లేచి నడిచింది. 1950లోనే నోబెల్ ఇచ్చేశారు. లోకమంతా అక్కలాగే సంబరపడింది. ఉబ్బిన మొహాలు, పెళుసుబారిన ఎముకలు తర్వాత బయటపడ్డాయి. ఇప్పటికీ స్టెరాయిడ్ ఎంత వాడాలన్న దాని మీద పెద్దవాళ్ళకే ఏకాభిప్రాయం లేదు. అమెరికాలో కీళ్ళవాతం డాక్టర్ల సంఘమైన రుమటాలజీ కాలేజీ 2021లో ఇచ్చిన మార్గదర్శకాలు వీలైతే అసలు మొదలుపెట్టొద్దన్నట్టు చెబుతాయి. యూరప్ వాళ్ళు మొదట్లో కొద్ది కాలం ఇచ్చి, వీలైనంత త్వరగా మానిపించమంటారు. విజయవాడలో అక్కని చూసిన రుమటాలజిస్టు రెండో దారి పట్టారు. అసలు మందు పనికొచ్చేదాకా వైసొలోన్ అనే స్టెరాయిడ్ మాత్ర, కొద్దికొద్దిగా తగ్గించి మూడు నెలల్లో పూర్తిగా బంద్. "ఇది వంతెనమ్మా, దీని మీద ఇల్లు కట్టుకోకూడదు" అన్నారు. అక్క ఇప్పటికీ ఆ మాట పదిమందికీ చెబుతుంది.

అసలు మందు అంటే మెథోట్రెక్సేట్. ఇక్కడ మొదలైంది అసలు రగడ.

బెంగళూరులో సాఫ్ట్‌వేరు చేసే మా మేనల్లుడు ఫోన్ చేసి, "మామయ్యా, అమ్మకి క్యాన్సర్ మందు ఇస్తున్నారు, నీకు తెలుసా?" అన్నాడు. గొంతులో భయం. నిజమేరా, క్యాన్సర్ మందే. ఎముక క్యాన్సర్‌కి గ్రాముల్లో ఎక్కిస్తారు. అమ్మకి వారానికి 15 మిల్లీగ్రాములు. ఆ మోతాదుకీ ఈ మోతాదుకీ పనిచేసే తీరే వేరు. అక్కడ కణాలు పెరగకుండా ఆపుతుంది. ఇక్కడ వాపుని చల్లార్చే ఎడినోసిన్ అనే పదార్థం పెరగడం వల్ల పనిచేస్తుందని ఎక్కువమంది నమ్మకం. ఇదంతా చెప్పినా వాడికి ఎక్కలేదు. చివరికి మా ఊరి పేరు చెప్పాల్సొచ్చింది.

యల్లాప్రగడ సుబ్బారావుగారు పుట్టింది ఈ భీమవరంలోనే, 1895లో. అమెరికా వెళ్ళి లెడర్లీ కంపెనీలో పరిశోధన నడిపారు. అన్నగారు స్ప్రూ అనే విరేచనాల జబ్బుతో పోయారు. దానికి పనికొచ్చే ఫోలిక్ యాసిడ్‌ని 1940ల్లో ప్రయోగశాలలో తయారుచేసింది ఆయన బృందమే. ఆ ఫోలిక్ యాసిడ్‌కే అడ్డుపడే పదార్థాలు కూడా అక్కడే పుట్టాయి. మొదటిది ఎమినోప్టెరిన్. 1948లో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ దాన్ని రక్తక్యాన్సర్ పిల్లలకిచ్చి జబ్బుని తాత్కాలికంగానైనా వెనక్కి నెట్టారు. దాని తమ్ముడు మెథోట్రెక్సేట్. ఇప్పుడు అక్క వారానికోసారి మెథోట్రెక్సేట్ వేసుకుంటుంది, నోటిపుళ్ళు, వికారం, లివరు ఎంజైములు పెరగడం తగ్గాలని వేరే రోజున ఫోలిక్ యాసిడ్ వేసుకుంటుంది. రెండూ ఆ ఒక్క ప్రయోగశాలలోంచే వచ్చాయి. మా షాపులో రెండూ ఒకే అరలో ఉంటాయి. ఆ అర ముందు నిలబడి మేనల్లుడికి వీడియో కాల్ చేసి చూపించాను. నవ్వాడు గానీ, నమ్మకం సగమే.

నాకు ఈ కథలో వింతగా తోచేది ఇంకోటుంది. కీళ్ళవాతానికి ఈ జాతి మందు పనిచేస్తుందని 1951లోనే న్యూయార్క్‌లో ఒక డాక్టరు రాశారు. అమెరికా ప్రభుత్వం మెథోట్రెక్సేట్‌ని కీళ్ళవాతానికి ఒప్పుకున్నది 1988లో. మధ్యలో అన్నేళ్ళు ఎటు పోయాయి? కార్టిజోన్ మెరుపులో ఇది కనబడలేదు, క్యాన్సర్ మందన్న భయం ఒకటి. మేనల్లుడి భయం కొత్తదేం కాదన్నమాట.

ఇక వారం ఎంచుకోవడం. నవ్వుకోకండి, ఇదీ వైద్యంలో భాగమే. మర్నాడు కొంచెం వికారం, నీరసం ఉంటాయి. అక్కకి శనివారం ఒక్కపొద్దు, కాబట్టి శుక్రవారం రాత్రి కుదరదు. ఆదివారం పూతరేకుల బేరాలు, కాబట్టి శనివారం రాత్రీ కుదరదు. సోమవారం రాత్రి ఖాయమైంది. మంగళవారం ఎలాగూ మడత పని ఒక్కటే పెట్టుకుంటుంది. వేసుకోవడం మర్చిపోతే మర్నాడు డాక్టరుకి ఫోను, అంతేగాని రెండు డోసులు కలిపి వేసుకోవడం లేదని గట్టిగా చెప్పి ఉంచాను.

మొదటిసారి విజయవాడ తీసుకెళ్ళినప్పుడు డాక్టరుగారు చేసిన పని నాకు బాగా గుర్తుండిపోయింది. ఎక్స్‌రే పక్కన పెట్టి, కీళ్ళు ఒక్కొక్కటీ నొక్కి చూశారు. రెండు భుజాలు, రెండు మోచేతులు, రెండు మణికట్లు, చేతివేళ్ళ కణుపులు ఇరవై, రెండు మోకాళ్ళు. మొత్తం 28. ఎన్ని నొప్పి, ఎన్ని వాపు, రక్తంలో వాపు జాడ చూపే ఈఎస్‌ఆర్ ఎంత, నీకెలా ఉందమ్మా అని అక్కనే అడిగిన మార్కు ఎంత, అన్నీ కలిపి ఒక అంకె. 2.6 కన్నా తక్కువైతే జబ్బు అణిగినట్టు. 5.1 దాటితే తీవ్రం. అక్కది ఆరు దాటింది. ఆ లెక్కలో పాదాలు లేవు. "పాదాల వేళ్ళు వదిలేశారేంటండీ?" అని అడిగాను. లెక్కలో లేకపోయినా చూడాలండీ అని చెప్పులు విప్పించి అవీ నొక్కారు. ఎడమ పాదం నొక్కగానే అక్క అరిచింది. ఆ రోజుతో నాకాయన మీద గురి కుదిరింది.

ఆ అంకె పట్టుకుని ఆయన చేసిన వైద్యమే ఈ టపా రాయడానికి కారణం. నెలనెలా రమ్మన్నారు. వెళ్ళిన ప్రతిసారీ 28 లెక్క, అంకె తగ్గకపోతే మందు మార్పు. 15 మిల్లీగ్రాములు 20 అయ్యాయి. తర్వాత మందు మార్చకుండా రూపం మార్చారు. మాత్ర బదులు అదే మెథోట్రెక్సేట్ పొట్ట మీద చర్మం కింద ఇంజెక్షన్. 15 దాటాక నోటి ద్వారా వేసుకున్నది పేగులు పూర్తిగా పీల్చుకోవు. ఇంజెక్షన్‌గా ఇస్తే అందుతుంది, వికారమూ కొందరికి తగ్గుతుంది. "నాకు మెథోట్రెక్సేట్ పడలేదండీ" అంటూ మా కౌంటరు దగ్గరికొచ్చేవాళ్ళలో చాలామంది ఈ మెట్టే ఎక్కి ఉండరు.

గ్లాస్గోలో 2004లో టికోరా అని ఒక అధ్యయనం వచ్చింది. నూటపది మంది రోగులు. సగం మందికి మామూలు వైద్యం, మూడు నెలలకోసారి చూపు. మిగతా సగానికి నెలనెలా చూపు, లెక్క, అంకె తగ్గకపోతే వెంటనే మార్పు. ఖరీదైన ఇంజెక్షన్లేవీ లేవు, రెండు గుంపులకీ అవే పాత మందులు. ఏడాదిన్నరకి మామూలు గుంపులో జబ్బు అణిగినవాళ్ళు 16 శాతం, నెలనెలా చూసిన గుంపులో 65 శాతం. ఇది చదివాక మందుల షాపు నడిపేవాడిగా నాకు కొంచెం చిన్నతనంగా అనిపించింది. మేం అమ్మేది కాక, ఆ నెలనెలా చూడటమే మందైంది మరి. మన దగ్గర దొరకనిది కూడా అదే. ఆత్రేయపురం నుంచి విజయవాడ వెళ్ళి రావాలంటే ఒక రోజు పని, ఇద్దరు మనుషుల ఛార్జీలు పోతాయి. బాగుందనిపించగానే జనం చూపించుకోవడం మానేసి, పాత చీటీ పట్టుకుని నా దగ్గరికొస్తారు. ఇచ్చే ముందు రక్తపరీక్ష ఎప్పుడు చేయించారని అడుగుతాను. కొందరు పక్క షాపుకి వెళ్ళిపోతారు.

ఇంజెక్షన్ మెథోట్రెక్సేట్‌తో అక్క అంకె నాలుగు దగ్గర ఆగిపోయింది. ఇక దిగనంటుంది. అప్పుడొచ్చింది పెద్ద నిర్ణయం.

బావగారు మాట పొదుపు మనిషి. ఆ రోజు మాత్రం ఆయనే ముందు నోరు తెరిచారు. "ఖరీదు చూడకండి సార్, మంచిదే రాయండి. అవసరమైతే పొలం కాగితాలు పెడతాను." నేను గట్టిగా ఊపిరి పీల్చుకున్నాను. జీవకణాల్లో తయారయ్యే ఖరీదైన బయలాజిక్ ఇంజెక్షన్ అనగానే మన ఇళ్ళల్లో ముందొచ్చేది పొలం, తర్వాత బంగారం. డాక్టరుగారు ముందు మూడు దారులు చెప్పారు.

ఒకటి, ఎడాలిముమాబ్ లాంటి టీఎన్‌ఎఫ్ ఇంజెక్షను, అంటే వాపు పెంచే టీఎన్‌ఎఫ్ అనే పదార్థాన్ని అడ్డుకునేది. 2014లో మన దేశంలోనే దాని బయోసిమిలర్, అంటే దాదాపు అదే మందు చవక రూపం, బయటికొచ్చాక ధర బాగా దిగింది, అయినా నెలనెలా కొనాలంటే మా బోటివాళ్ళకి బరువే. రెండోది టోఫాసిటినిబ్ మాత్ర, జెనరిక్‌లు వచ్చి చవకైంది. మూడోది మెథోట్రెక్సేట్ అలాగే ఉంచి సల్ఫాసలజైన్, హైడ్రాక్సీక్లోరోక్విన్ అనే రెండు పాత మాత్రలు కలపడం. చవకలో చవక.

ఎడాలిముమాబ్‌కి ముందు టీబీ పరీక్ష తప్పనిసరి. ఒంట్లో నిద్రపోతున్న టీబీని ఈ జాతి ఇంజెక్షన్లు లేపుతాయని 2001లోనే అదే జాతికి చెందిన ఇన్‌ఫ్లిక్సిమాబ్‌తో తేలింది. అక్క మామగారు అదే ఇంట్లో టీబీతో చాలాకాలం ఉన్నారు. పరీక్ష చేయిస్తే పాజిటివ్. అంటే జబ్బు లేదు, క్రిమి ఉంది. ముందు కనీసం నెలపాటు ఐసోనియజిడ్ అనే టీబీ మందు వాడి, దాన్ని కొనసాగిస్తూనే ఇంజెక్షన్ మొదలుపెట్టాలి. మెథోట్రెక్సేట్ ఒక పక్క, ఐసోనియజిడ్ ఒక పక్క, రెండూ లివరు మీదే పడతాయి. చేయలేమని కాదు, జాగ్రత్తగా చేస్తారు. కానీ తూకంలో అదొక రాయి.

టోఫాసిటినిబ్ వైపు నేను కొంచెం మొగ్గాను. మాత్ర కదా, ఫ్రిజ్ గొడవ లేదు. డాక్టరుగారు తల అడ్డంగా ఊపారు. యాభై దాటి, గుండెజబ్బుకి దారితీసే లక్షణం ఒక్కటైనా ఉన్నవాళ్ళలో టీఎన్‌ఎఫ్ ఇంజెక్షన్లతో పోల్చిచూస్తే ఈ మాత్రతో గుండెపోట్లు, క్యాన్సర్లు ఎక్కువ కనబడ్డాయి. 2021లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ పెట్టె కట్టి మరీ హెచ్చరిక వేయించింది. అక్కకి యాభై నాలుగు, బీపీ ఉంది, పొట్లాల పుణ్యమా అని షుగరూ వచ్చింది. మా మేనత్త కూతురికి ముప్పై ఏళ్ళు. ఆమెకి ఇదే జబ్బొస్తే లెక్క వేరేలా ఉండేది.

మూడో దారి చెప్పినప్పుడు బావగారి మొహం చూడాలి. చవకది అంటే తక్కువదని ఆయన బాధ. అప్పుడు డాక్టరుగారు రాకాట్ అధ్యయనం సంగతి చెప్పారు. 2013లో వచ్చింది. మెథోట్రెక్సేట్ ఒక్కటే సరిపోని 353 మందిని తీసుకుని, సగానికి ఈ రెండు మాత్రలు కలిపారు, సగానికి ఎటనర్సెప్ట్ అనే టీఎన్‌ఎఫ్ ఇంజెక్షను. ఆర్నెల్లకి గుణం కనబడనివాళ్ళని అటూ ఇటూ మార్చారు. ఏడాది దగ్గరపడేసరికి రెండు గుంపులూ ఒకే చోటికి చేరాయి. "ముందు ఇది వాడి చూసి, చాలకపోతే ఇంజెక్షన్‌కి వెళ్తే మీరు నష్టపోయేదేమీ లేదండీ. మళ్ళీ ఆర్నెల్లు పట్టించుకోకుండా వదిలేస్తేనే నష్టం" అన్నారాయన. బావగారు అప్పుడు అక్క వైపు తిరిగి, "నీ ఇష్టం" అన్నారు. ఇన్నేళ్ళ కాపురంలో ఆ మాట ఆయన నోట విన్నది అరుదు. అక్క మాత్రలే అంది.

సల్ఫాసలజైన్ మొదలుపెట్టే ముందు సల్ఫా మందులు పడవా అని అడిగి, వారానికో మాత్ర చొప్పున పెంచారు. మూత్రం నారింజ రంగులో వస్తుందని నేను ముందే చెప్పి ఉంచాను, లేకపోతే అర్ధరాత్రి ఫోను వచ్చేది. హైడ్రాక్సీక్లోరోక్విన్‌కి తూకం చూడాలి, కిలోకి రోజుకి ఐదు మిల్లీగ్రాములు మించకూడదు. అక్క 58 కిలోలు, అంటే 290. రోజుకి 200 రాశారు. కంటి వెనక తెర పరీక్ష మొదట్లో ఒకసారి, ఐదేళ్ళు దాటాక ఏటా. నిజం చెప్పాలంటే ఈ మూడు మందుల వైద్యాన్ని మధ్యలో వదిలేసేవాళ్ళని నా కౌంటరు దగ్గర చాలామందినే చూశాను. రోజుకి గుప్పెడు మాత్రలు, కడుపులో తిప్పడం. అక్క మొండిది కాబట్టి నిలబడింది.

ఇది చదివి ఇంజెక్షన్లన్నీ డబ్బు గుంజే వ్యవహారం అనుకునేరు. మా షాపుకి ఒక కుర్రాడొస్తాడు, రొయ్యల చెరువుల దగ్గర పని. వెన్నెముక బిగుసుకుపోయే ఏంకైలోజింగ్ స్పాండిలైటిస్. వెన్నుకి మెథోట్రెక్సేట్ పనిచేయదు, నొప్పి మాత్రలు చాలకపోతే ఎడాలిముమాబ్ లాంటిది వేయించాల్సిందే. వాడికి అది వేయించుకోక ముందు, వేయించుకున్నాక చూసినవాణ్ణి. అక్కకి తేల్చిన లెక్క వాడికి అతికిస్తే వాడి నడుం పోయేది.

మిగిలిన జాగ్రత్తల్లో ఒక్కటే చెబుతాను, ఎందుకంటే ఇది కౌంటరు దగ్గరే జరిగే ప్రమాదం. మెథోట్రెక్సేట్ వాడేవాళ్ళు మూత్రంలో మంటకో, విరేచనాలకో సెప్ట్రాన్ అడుగుతారు. కోట్రైమాక్సజోల్ అనే యాంటీబయాటిక్ అది. రెండూ కలిస్తే రక్తకణాలు కుప్పకూలతాయి. జ్వరమొస్తే ఆ వారం డోసు వేసుకునే ముందు డాక్టరుని అడగాలి. ఇక తిండి. వంకాయ వద్దు, గోంగూర వద్దు, పెరుగు వాతం అని చుట్టాలు పెట్టిన పథ్యం అక్క ఏడాదిపాటు చేసింది. డాక్టరుగారు అన్నీ తినమన్నారు. ఆ సాయంత్రమే గోంగూర పచ్చడి నూరింది, రోట్లో కాదులెండి, మిక్సీలో.

ఇప్పుడు అంకె 2.3. ఏడాది కావొస్తోంది. కొత్త ఎక్స్‌రేలో ఎముక మరింత తిన్న గుర్తులు లేవు, కుడి మణికట్టులో మొదటే పోయిన అంచు మాత్రం పోయినట్టే ఉంది. కుండ దగ్గర కూర్చుంటుంది, అయితే కుండకి ఇటు పక్క కోడల్ని కూర్చోబెట్టి సగం రేకులు ఆమె చేత తీయిస్తోంది.

ఇప్పుడు అక్క కొత్త పట్టు పట్టింది. బాగైంది కదా, మందులు మానేస్తానంటుంది. అన్నీ ఒకేసారి మానేస్తే చాలామందికి తిరగబెడుతుంది. డాక్టరుగారు ఒకటొకటిగా తగ్గిద్దామన్నారు, ముందు ఏది తగ్గించాలో అక్కనే ఎంచుకోమన్నారు. మెథోట్రెక్సేట్ చివరి దాకా ఉండాలన్నది మాత్రం ఆయన షరతు. అక్క సల్ఫాసలజైన్ పేరు చెప్పింది, రోజుకి నాలుగు మాత్రలు తగ్గుతాయని. బావగారు రేపట్నుంచే మొదలెడదామన్నారు. సంక్రాంతి ఆర్డర్లు నెత్తి మీదున్నాయి, ఇప్పుడు వేళ్ళు మొరాయిస్తే ఎవరు తీస్తారని అక్క కసిరింది. పండగ వెళ్ళాక, ఫిబ్రవరి చూపుకి వెళ్ళినప్పుడు రెండు మాత్రలు తగ్గిస్తారు. అందాకా నాలుగూ వేసుకుంటుంది.